రెండు వైపులా వెలిగితే

కొండ మీది ఆరోగ్య కేంద్రం,
వానలు పట్టుకున్న మొదటి వారం.

బావకి,

నా ఉత్తరాలన్నీ అక్క చదివి వినిపిస్తుంటే నువ్వు కళ్ళు మూసుకుని ఊఁ కొడతావని నాకు తెలుసు. ఇది మాత్రం కళ్ళు తెరిచి నువ్వే చదువు. పని నీతోనే.

మా జీపు దీపాల సంగతి. అవి వెలుగుతున్నాయో లేదో తెలియాలంటే బండి దిగి ముందుకెళ్ళి చూసుకోవాలి. పండిన నిమ్మకాయల్లా రెండు పచ్చటి చుక్కలు, అంతే. ఎండాకాలమంతా ఎలాగో నెట్టుకొచ్చాను. ఇప్పుడు మధ్యాహ్నం భోజనాలయ్యేసరికే పొగమంచు దిగిపోతోంది. దారి చూస్తే ఒక్క బండి పట్టేంత. ఒక పక్క కొండ, ఇంకో పక్క ఏమీ లేదు. క్వారీ లారీలవాళ్ళు ఎవరికీ దారివ్వరు, నేనే ప్రతి మలుపులోనూ వెనక్కి వెళ్ళి ఒదగాలి. మొన్న కాలు విరిగినవాణ్ణి కొండ దించుతుంటే ఒక లారీ మీదికే వచ్చేసింది. మూతికీ మూతికీ మధ్య జానెడు దూరంలో ఆగింది. పైగా ఆ డ్రైవరు దిగొచ్చి, కాస్త దీపాలు పెట్టుకోవచ్చుగా సిస్టరమ్మా అని నాకే నీతులు చెప్పాడు.

వానాకాలంలో డాక్టరు ఈ ఛాయలకే రాడు. ఉన్నది నేనూ, కాంపౌండరూ, ఈ జీపూ. రోగిని కిందికి దించాలంటే ఈ బండొక్కటే దిక్కు. ఇప్పుడు పాత బండ్లకి కూడా ఎల్.ఈ.డీ. దీపాలు పడుతున్నాయని, నువ్వు షాపు ముందు పెద్ద బోర్డు కూడా పెట్టావని అక్క రాసింది. ఒకప్పుడు వాటిని తిట్టిన నోరేగా నీది. మా ముసలిదానికి పడితే పంపు. బిగించేది నేనే. సూదులు గుచ్చే చేతులు స్క్రూలు బిగించలేవా?

ఫోను ఇక్కడ ఎలాగూ పలకదు, లారీవాళ్ళకిచ్చి పంపు. అక్కకి వికారం తగ్గిందా? ఇన్నేళ్ళకి కడుపు పండింది, దాన్ని స్టూళ్ళెక్కి అటకలు సర్దనివ్వకు.

నీ మరదలు


బస్టాండు ఎదురుగా, షాపు నుంచి,
వాన తెరిపిచ్చిన రోజు.

మరదలు పిల్లకి,

కళ్ళు తెరిచే చదివాను. మధ్యలో ఊఁ కూడా కొట్టాను, అలవాటు పోదుగా.

నీ జీపుకి బంగారంలా పడతాయి. ముందు దీపాలు రెండు, వెనకవి రెండు, నాలుగు మూలలకీ నాలుగు ఇండికేటర్లు, వాటిని ఆర్పి వెలిగించే కొత్త ఫ్లాషర్ డబ్బీ ఒకటి పంపుతున్నాను. పాత డబ్బీ ఈ దీపాలతో పని చెయ్యదు, విసిరెయ్. బల్బు పెట్టే ముందు ప్రతి గూడునీ గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్దు. పాత బండిలో సగం రోగాలు తుప్పువే. వైరు బాడీకి తగిలే చోట కూడా రుద్దు. నీ ఆస్పత్రిలో గాయం కడిగినట్టు కడగాలి, తెలిసిందా? ఈ దీపాలు తాగే కరెంటు చాలా తక్కువ. పాత బల్బు కుండెడు తాగితే ఇవి చెంచాడు తాగుతాయి. బ్యాటరీ నన్ను తలుచుకుని దండం పెడుతుంది.

సామాను లారీవాడితో పంపడం లేదు. మీ అక్కే తెస్తోంది. ఐదో నెల, నెమ్మదిగా వెళ్తే ప్రయాణానికి ఏం ఫరవాలేదని డాక్టరమ్మ అంది. నాలుగు రోజులు చెల్లెలి దగ్గర ఉండొస్తానని మీ అక్క పట్టుబట్టింది. ఆవిడ పట్టుబట్టాక నేను చేసేదేముంది, సంచి సర్దడం తప్ప. కింద బస్సు దగ్గరికి నువ్వే వెళ్ళి తీసుకురా. తిరిగి పంపేటప్పుడు కొత్త దీపాలతో పంపు. నా పనితనాన్ని నమ్మి నా పెళ్ళాన్ని ఎక్కిస్తున్నాను.

మీ బావ


కొండ మీది ఆరోగ్య కేంద్రం,
అక్క బస్సెక్కిన మర్నాడు.

బావకి,

నీ చేతులకి ఏదైనా తొడిగించాలి. స్విచ్చి వెయ్యగానే ఎదురుగా స్టోరు గది గోడ మీద పెచ్చులు కూడా లెక్కపెట్టేలా కనబడ్డాయి. పొగమంచులో మాత్రం పాలగిన్నెలోకి టార్చి కొట్టినట్టు తెల్లగా తిరిగి మన కళ్ళలోకే వస్తోంది. దానికేదైనా ఉపాయం చెప్పు.

అక్క కుర్చీలో కూర్చుని నీ ఉత్తరం చదువుతూ ఉంటే నేను రుద్దాను, కాంపౌండరు పట్టకారు అందించాడు. అన్నీ బాగానే కుదిరాయి కానీ ఇండికేటర్ల దగ్గర తల ప్రాణం తోకకొచ్చింది. ఎడమ వైపు వేస్తే ఎడమదే వెలుగుతోందని ముందు ఎడమ మూల నిలబడ్డ అక్క అంది. కాదు కుడిది అని వెనక కుడి మూల నిలబడ్డ కాంపౌండరు. ఇద్దరూ పోట్లాటకి దిగబోతే నేనే దిగి చూశాను. ఎటు వేసినా రెండు వైపులా కలిసి కొట్టుకుంటున్నాయి. కాంపౌండరు ఏదో నసిగాడు, ఇది బాగు చేశాక వెళ్ళండమ్మా అన్నాడు. అక్క బస్సు తప్పిపోతుందని నేను వినిపించుకోలేదు.

అక్కని ముందు సీట్లో కూర్చోబెట్టాను. వెనక ఇద్దరు. కంట్లో పొర తీయించుకోవడానికి రిటైరైన పంతులమ్మా, బొటనవేలు బెణికిన కొత్త సర్వేయరు కుర్రాడూ. వాడు దారి పొడవునా పాడుతూనే ఉన్నాడు. ఇక విను విచిత్రం. మొదటి మలుపులో ఒదుగుదామని ఇండికేటరు వేశానో లేదో, ఎదురుగా వస్తున్న లారీ తనే వెనక్కి వెళ్ళి కొండకి ఆనుకుని నిలబడింది. ఇంజను ఆపేశాడు. డ్రైవరూ క్లీనరూ కిందికి దిగి, టోపీలు తీసి, తలలు వంచుకుని నిలబడ్డారు. నన్ను ఏనాడూ లెక్కచెయ్యని లారీవాళ్ళు. తర్వాతి మలుపులోనూ అంతే, ఆ తర్వాతా అంతే. ఏమే, నీకు ఇక్కడ ఇంత మర్యాదా అని అక్క ఒకటే నవ్వు. చివరికి అది కిటికీలోంచి మహారాణిలా చెయ్యి ఊపడం మొదలుపెట్టింది. వాళ్ళు మాత్రం తలెత్తి చూడలేదు.

ఇంతకీ ఆ రెండు వైపుల రోగానికి మందేమిటి?

నీ మరదలు


షాపు నుంచి,
సాయంత్రం, కరెంటు లేదు.

మరదలు పిల్లకి,

మహారాణి క్షేమంగా చేరింది. వచ్చిన దగ్గర్నుంచీ లారీవాళ్ళు టోపీలు తీసిన కథ వీధిలో అందరికీ చెప్పింది, పాలవాడికి రెండుసార్లు.

తప్పు నాదే, ఆ మాట ఎక్కడా అనకు, షాపు పరువు పోతుంది. నీ ముందున్న డాష్‌బోర్డులో చిన్న పచ్చ బల్బు ఉంటుంది చూడు, ఇండికేటరు వేసినప్పుడు వెలిగేది. పాత బండ్లలో అది ఒక్కటే. ఎడమ వైరుకీ కుడి వైరుకీ మధ్య వంతెనలా వేసి ఉంటుంది. ఎడమ వేస్తే కరెంటు ఆ వంతెన మీదుగా కుడివైపుకీ కొంచెం పోతుంది. పాత బల్బులకి ఆ కొంచెం చాలదు కాబట్టి వెలిగేవి కావు. కొత్తవాటికి చెంచాడు చాలు అన్నానుగా, ఆ కొంచెంతోనే వెలిగిపోతున్నాయి. ఆ పచ్చ బల్బు పీకి పక్కన పెట్టు, రోగం కుదురుతుంది.

పొగమంచుకి పసుపు కాగితం లాంటిది వస్తుంది, దీపం అద్దం మీద అంటించాలి. తెప్పిస్తాను. పంతులమ్మ కన్ను ఎలా ఉంది?

మీ బావ


కొండ మీది ఆరోగ్య కేంద్రం,
వాన.

బావకి,

ఈ ఉత్తరం అక్కకి వినిపించకు. చదివి చింపెయ్.

పచ్చ బల్బు తీసేశాను. ఇప్పుడు ఎడమ వేస్తే ఎడమ, కుడి వేస్తే కుడి. ఇంతకుముందే ఆ పని చేసి ఉంటే ఎంత బాగుండేదో.

పంతులమ్మ పోయింది. కంటికి ఆపరేషను బాగానే అయింది, నేనే తిరిగి తీసుకొచ్చాను. వచ్చిన కొన్నాళ్ళకే నిద్రలో పోయింది. పెద్దావిడ కదా అనుకున్నాను. ఆవిడ కోసం ఏడ్చి, నా పని నేను చూసుకున్నాను. తర్వాత సర్వేయరు. బెణికిన వేలు తప్ప ఒంట్లో ఏ నలతా లేని మనిషి. పొద్దున్నే పనికి బయల్దేరుతూ ఒక బూటు కట్టుకుని, రెండో దాని తాడు చేతిలో ఉండగానే కుర్చీలో అలాగే వాలిపోయాడు. నేను వెళ్ళేసరికి ఒళ్ళు చల్లబడింది.

అప్పుడు కాంపౌండరు తలుపు దగ్గర నిలబడి చెప్పాడు. ఈ దారిలో ఎడమ వేస్తే నేను ఒదిగాను నువ్వు రా అని, కుడి వేస్తే నేనే వస్తున్నాను ఆగు అని. రెండు వైపులా కలిపి వేసేది ఒక్కందుకేనట. బండిలో శవం ఉన్నప్పుడు. క్వారీ మొదలైన నాటి నుంచీ డ్రైవర్లు పెట్టుకున్న కట్టుబాటు. శవాన్ని ఎప్పుడూ లారీలోనే దించుతారు, మన జీపుకి ఆ స్విచ్చే లేదు కాబట్టి నాకు ఎవరూ చెప్పలేదు. ఆ రోజే చెబుదామనుకున్నాడట, కడుపుతో ఉన్న మనిషి ముందు ఆ మాట నోట రాలేదట.

ఇక్కడివాళ్ళ లెక్క ఏమిటంటే, దారికి ఒకసారి శవం వస్తోందని చెప్పాక దారి దాన్ని మర్చిపోదు. బండిలో ఉన్నవాళ్ళని ఒక్కొక్కరినే అడుగుతుంది. విరుగుడు కూడా వాళ్ళ దగ్గరే ఉంది. మళ్ళీ రెండు వైపులా వెలిగించి, ఖాళీ బండిని పై నుంచి కింది దాకా తీసుకెళ్ళాలట. చెప్పిన మాట అక్కడితో చెల్లిపోతుందట. నేను కాంపౌండరు మీద ఇంతెత్తున లేచాను. చదువుకున్నవాడివి, మందులిచ్చే చేతులు నీవి అని తిట్టాను.

కానీ బావా, దీపాలు సరిగ్గా ఉన్నా లారీలవాళ్ళు ఇంకా ఆగుతున్నారు. నిన్న ఒక్కదాన్నే వెళ్తున్నాను, ఎడమ దీపం ఒక్కటే వేశాను. దిగి చూసుకున్నాను కూడా. అయినా ఆ మనిషి టోపీ తీసి నిలబడే ఉన్నాడు.

జనం నా బండి ఎక్కడం మానేశారు. ఆయాసంతో ఉన్న ముసలాయన్ని మంచం మీద నలుగురు మోసుకుంటూ దించారు, నా జీపు పక్క నుంచే.

అక్క ఎలా ఉంది? నిజం రాయి.

నీ మరదలు


షాపు నుంచి.

మరదలు పిల్లకి,

నీకు పొగమంచు తలకెక్కింది. పెద్దావిడ వయసయి పోయింది. కుర్రాడికి గుండెలో ఏదో లోపం ఉండి ఉంటుంది, నర్సువి నీకు నేను చెప్పాలా? ఆ దీపాలు ఎందుకు కలిసి వెలిగాయో నాకు తెలుసు. ఏ వైరులోంచి ఏ వైరులోకి ఎంత పోయిందో బొమ్మ గీసి చూపిస్తాను. రాగి తీగకి శవాలతో ఏం పని? మీ అక్క దివ్యంగా ఉంది. ఇప్పుడే వంటింట్లో నా మీద అరుస్తోంది, అంటే

ఇది ఆస్పత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను. పైన రాస్తుండగానే అరుపు ఆగిపోయింది. వెళ్ళి చూస్తే మీ అక్క గడప దగ్గర కూర్చుని ఉంది, చీరంతా రక్తం. ఆటోలో ఎలా వేసుకొచ్చానో నాకే తెలియదు. బిడ్డ గుండె చప్పుడు అందీ అందనట్టు ఉందట, తల్లి నాడి కూడా దిగిపోతోందట. రెండు సీసాల రక్తం ఎక్కించారు. ఈ రాత్రి గడిస్తే చూద్దాం అన్నారు. గడిచింది. మళ్ళీ అదే మాట అన్నారు.

మత్తులో ఉండి మీ అక్క ఏమంటోందో తెలుసా? వాళ్ళు నన్ను చూసి టోపీలు ఎందుకు తీశారు అంటోంది. నేను ఆవిడకేమీ చెప్పలేదు. నీ ఉత్తరం నా జేబులోనే ఉంది.

నేను నమ్మను. నమ్మకపోయినా అడుగుతున్నాను. ఆ పచ్చ బల్బు తీసిన గూట్లోనే మళ్ళీ పెట్టు. గుచ్చితే చాలు, రెండు వైపులా వెలుగుతాయి. బాగు చెయ్యడం నేర్పినవాణ్ణే పాడు చెయ్యడం కూడా నేర్పుతున్నాను. కాంపౌండరుకి బండి నడపడం వచ్చుగా, ఖాళీ బండిని కింది దాకా తీసుకెళ్ళమను. ఎవరేం నవ్వుకున్నా సరే. నీ కాళ్ళు పట్టుకుంటాను.

మీ బావ


కొండ మీది ఆరోగ్య కేంద్రం.

బావకి,

బల్బు పెట్టేశాను. రెండు వైపులా వెలుగుతున్నాయి. రేపు మధ్యాహ్నం మంచు దిగగానే బండి బయల్దేరుతుంది.

దాని చెయ్యి పట్టుకుని కూర్చో. మత్తులో ఉన్నా తెలుస్తుంది, నేను ఎంతోమందిని చూశాను. నీళ్ళు అడిగితే ఇవ్వకు, పెదాలు మాత్రం తడుపు. నువ్వు కూడా ఏదైనా తిను.

నీ మరదలు


ఆస్పత్రి నుంచి,
తెల్లారింది.

మరదలు పిల్లకి,

బతికిపోయాం.

నిన్న మధ్యాహ్నం దాకా డాక్టరమ్మ మొహం చూస్తే నాకు ప్రాణం లేదు. ఆ తర్వాత ఏమైందో ఏమో, రక్తం కట్టేసింది. ఎవరో కుళాయి కట్టేసినట్టు కట్టేసింది. సాయంత్రానికి బిడ్డ గుండె చప్పుడు నాకు వినిపించారు. నా షాపులో ఏ ఇంజనూ అంత చక్కగా కొట్టుకోదు. మీ అక్క కళ్ళు తెరిచి, షాపు ఎవరు చూస్తున్నారు అని అడిగింది. దేవతా వాక్కులా అనిపించింది.

నేను ఇప్పటికీ నమ్మను. ఎవరైనా అడిగితే సూదిమందులే పని చేశాయంటాను. నీతో మాత్రం దబాయించలేను. ఆ కాంపౌండరు ఎవరో కానీ నా పాలిట దేవుడు. అతనికో మంచి చొక్కా గుడ్డ కొని పెడతాను. నువ్వు సెలవు పెట్టి రా. మీ అక్క నిన్నే అడుగుతోంది. ఎలాగూ వస్తావు కాబట్టి పసుపు కాగితాలు నేనే నా చేత్తో అంటిస్తాను. ఈ ఉత్తరం పైకెళ్ళే మొదటి లారీకి ఇచ్చేస్తున్నాను.

మీ బావ


దారిలో, కొండ కింది గేటుకి పైన రెండో మలుపు.
జీపులో కూర్చుని.

బావకి,

నా వెనక దిగుతున్న లారీకి దారివ్వడానికి ఒదిగి ఆగాను. వాడు చాలాసేపు దాటి వెళ్ళనే లేదు, నేను చెయ్యి ఊపి ఊపి రమ్మన్నాక వచ్చాడు. ఈ కాగితం నీ షాపులో పడెయ్యమని వాడికే ఇస్తాను. రెండు నిమిషాలు ఆగమన్నాను.

కాంపౌండరుని పంపలేదు. వెళ్తానన్నాడు, తాళం కూడా తీసుకున్నాడు. వాడి చేతిలోంచి లాక్కుని నేనే ఎక్కాను. నీకు అబద్ధం రాయలేదు, బండి బయల్దేరుతుందని మాత్రమే రాశాను.

నేను లెక్క చూసుకున్నాను బావా. ఈ దారిలో గేటు దగ్గర వాచ్‌మన్ ఎంతమంది అని అడుగుతాడు. డ్రైవరు తనని వదిలేసి చెబుతాడు. అదే ఇక్కడి పద్ధతి, డ్రైవర్ని ఎవరూ లెక్కపెట్టరు. ఆ రోజు నేను కూడా ముగ్గురు అన్నాను. పంతులమ్మ, సర్వేయరు, అక్క అని అందరూ వేళ్ళు ముడుస్తున్నారు. నాలుగో మనిషి ఎవరికీ గుర్తు రాలేదు. ఎడమ దీపం ఒక్కటే వేసినా ఆ లారీవాడు టోపీ ఎందుకు తీశాడో నాకు అప్పుడు తెలిసింది. వాడు దీపాల్ని చూడలేదు, నన్ను చూశాడు.

ఖాళీ బండి అని వీళ్ళు అంటారు కానీ, డ్రైవరు లేకుండా బండి దిగదుగా. కాంపౌండరుని ఎక్కిస్తే ఇందులో ఏమీ తెలియని వాణ్ణి ఐదోవాడిగా కలిపినట్టవుతుంది. వాడికి ఇద్దరు పిల్లలు. ఆ రోజు బండిలో ఉన్నవాళ్ళలో మిగిలింది నేనూ అక్కా. అక్క ఒక్కతి కాదు, ఇద్దరు. ఇందులో ఆలోచించడానికి ఏముంది?

నాకు భయంగా ఉంది. దాచను. ప్రతి మలుపులోనూ నేను రాకముందే లారీలు పక్కకి తీసి, ఇంజన్లు ఆపి, మనుషులు దిగి నిలబడి ఉన్నారు. ఇంత మంచులో నా దీపాలు అంత దూరం కనిపించవు. గేటు పైన మూడో మలుపు తిరిగాక వెనక సీటు స్ప్రింగులు మోగాయి, ఎవరో సర్దుకుని కూర్చున్నప్పుడు మోగినట్టు. నేను అద్దంలోకి చూడలేదు. ఎవరో సన్నగా పాడుతున్నారు కూడా.

అమ్మ పోయాక నాకు జడలు వేసింది, అన్నం కలిపి పెట్టింది అదే. పేల దువ్వెనతో నెత్తి గీకేసేది, ఏడిస్తే తనూ ఏడ్చేది. దానికి బిడ్డ పుట్టాలి. దీని గురించి అక్కకి ఎప్పుడూ చెప్పకు. బండి కొండ మీద పాడైంది, నాకు వేరే ఊరికి బదిలీ అయింది, నీకు తోచింది చెప్పు. నీకు అబద్ధాలు బాగా వచ్చు.

లారీవాడు హారన్ కూడా కొట్టకుండా ఎదురుచూస్తున్నాడు. ఉంటాను.

నీ మరదలు


ఎక్కడికి పంపాలో తెలియని ఉత్తరం.

మరదలు పిల్లకి,

నీ కాగితం రాత్రంతా షాపు షట్టరు కింద పడి ఉంది. నేను ఆస్పత్రిలో ఉన్నాను కదా. పొద్దున్న నీకు ఉత్తరం పంపేసి, బట్టలకని ఇంటికి వెళ్తూ షాపు తెరిచాను. చదువుతూనే బస్సెక్కాను. గేటు దాకా లారీ, అక్కడి నుంచి పరుగు.

నువ్వు ఒదిగిన చోటే ఉన్నావు. బండికి చిన్న గీత కూడా పడలేదు. హ్యాండ్‌బ్రేకు వేసి ఉంది, ఇంజను ఆపి ఉంది, స్టీరింగు మీద చెయ్యి పెట్టుకుని నిద్రపోతున్నట్టు ఉన్నావు. ఇండికేటర్లు మాత్రం రెండు వైపులా కొట్టుకుంటూనే ఉన్నాయి. పాత బల్బులైతే సాయంత్రానికే బ్యాటరీ చచ్చిపోయేది. నావి కాబట్టి ఆగలేదు. పరుగెత్తుకొస్తున్నవాణ్ణి, దూరం నుంచి ఆ వెలుగు చూసి నువ్వు బతికే ఉన్నావనుకున్నాను.

పైకి లారీలు, కిందికి లారీలు వరసగా ఆగి ఉన్నాయి. మనుషులు టోపీలు చేతిలో పట్టుకుని రాత్రంతా అక్కడే నిలబడ్డారు. ఎవరూ నీ తలుపు తెరవలేదు. శవం బండి ఆగితే దాని మనుషులు వచ్చేదాకా ముట్టుకోకూడదట. నా ఉత్తరం తీసుకెళ్తున్న లారీ కూడా ఆ వరసలోనే నిలబడి ఉంది. డ్రైవరు నా ఉత్తరం నాకే తిరిగి ఇచ్చాడు.

నేను కాంపౌండరుని వెళ్ళమన్నాను. నిన్ను వెళ్ళమని నేను అనలేదు. ఎన్నిసార్లు చెప్పుకున్నా ఆ మాట పనికి రావడం లేదు. బండి ఖాళీగా దిగాలంటే ఎవరో ఒకరు నడపాలని నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. దీపాల గురించి అన్నీ తెలిసినవాణ్ణి.

కాంపౌండరు పై నుంచి నడిచొచ్చి ఉన్నాడు. ఇద్దరం కలిసి నిన్ను వెనక సీట్లో పడుకోబెట్టాం. వస్తానన్నాడు, ఒద్దన్నాను. నేను స్టీరింగు ముందు కూర్చున్నాను. నువ్వు పెట్టిన పచ్చ బల్బు ఆ గూట్లోనే ఉంది, దాన్ని ముట్టుకోలేదు. రెండు వైపులా వేసుకునే వచ్చాను. ఏ మలుపులోనూ ఆగాల్సిన పని పడలేదు.

మీ అక్కకి ఇంకా చెప్పలేదు. నువ్వు వస్తావని కిటికీ వైపు మంచం జరిపించుకుంది.

గేటు దగ్గర వాచ్‌మన్ టోపీ తీసి, లోపలికి చూడకుండా అడిగాడు, బండిలో ఎంతమంది అని.

"ఇద్దరం" అన్నాను.

డ్రైవర్ని లెక్కపెట్టరు బాబూ, అని మెల్లగా సర్దాడు. నాకు పద్ధతి తెలియదనుకున్నాడు.

"డ్రైవర్ని కూడా లెక్కపెట్టు. ఇద్దరం" అన్నాను.

అతను నా మొహం కేసి చూసి, గేటు ఎత్తాడు.

మీ బావ